వేప బుడిపె మీద ఎంక్వయిరీ

ఖరాదు షాపులో నేను మూడోవాణ్ణి. మొదటివాడు ఉస్తాద్. రెండోది అక్కడి కుక్క. అది నాకంటే ఏడాది ముందు చేరింది కాబట్టి రంపపు పొట్టు కుప్ప మీద మెత్తటి చోటు దానిది, దాని చుట్టూ ఊడ్చే పని నాది. దాని నిద్ర చెడకుండా ఊడ్వాలి. చెడితే తిట్లు నాకే. ఉస్తాద్‌ను తప్పుపట్టలేను. ఆ కుక్క ఏనాడూ ఉలి విరగ్గొట్టలేదు. నేను ఆరు విరగ్గొట్టాను.

తొంభైల నడిమి రోజులవి. తార్నాకలో మా షాపు. మంచం కోళ్లు, చపాతీ కర్రలు, కుర్చీ కాళ్లు చేసేవాళ్లం. చేసేవాళ్లం అంటే ఉస్తాద్ చేసేవాడు, నేను అందించేవాణ్ణి. ఖరాదు మిషన్ కర్రను గిరగిరా తిప్పుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కడం చూసేందుకు సులువే. ఎనిమిదో తరగతిలో బడి వదిలేసి వచ్చి రెండేళ్లయినా నన్ను దాని ముందు కూర్చోనివ్వలేదు.

"ఉస్తాద్, మిషన్ మీద ఎప్పుడు కూసోబెడ్తవ్?"

"బుడిపె గిన్నె చేసి చూపెట్టు. పగుల్లేకుంట. గప్పుడు మిషన్ నీది."

"మిషన్ మీద కూసోకుంట గిన్నె ఎట్ల చేస్త?"

"గా ఒక్క గిన్నెకు కూసో. పగిలిందనుకో, మల్ల చీపురే. జిందగీ మొత్తం."

చెట్టు మాను మీద కడుపులా ఉబ్బి ఉంటుందే, అదే బుడిపె. తన ఉస్తాద్ చేసిన బుడిపె గిన్నె ఒకటి మా ఉస్తాద్ ఇంట్లో గుడ్డలో చుట్టి దాచుకున్నాడు. దాని నిండా కాగే పాలు సుడి తిరిగి అట్లాగే ఆగిపోయినట్టు చారలు. "సీదా కర్ర సీదాగ పగుల్తది. బుడిపెకు ఏ దిక్కు పగలాల్నో దానికే తెల్వదు. గందుకే గట్టిది," అనేవాడు. అయితే పచ్చిది ఎండలోనో గాలిలోనో గబగబా ఆరితే మాత్రం అన్ని దిక్కులా పగులుతుంది. అందుకని ముందు ఒక పూటంతా ఉడకబెట్టి, తడి గోనెలో చల్లార్చి, తర్వాత తడి పొట్టులో పాతిపెట్టాలి.

ఆ వేసవిలో ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. తెల్లారి యూనివర్సిటీ క్యాంపస్‌లో తిరుగుతుంటే హాస్టల్ వెనక వేపచెట్టు పడి ఉంది. దాని మాను మీద పెద్ద గుమ్మడికాయంత బుడిపె! నాకు పెళ్లిచూపుల్లో కూడా గుండె అట్లా కొట్టుకోలేదు. కట్టెల కాంట్రాక్టరు కాళ్లావేళ్లా పడి, రెండు చపాతీ కర్రలు ఇస్తానని ఒప్పించాను. ఉస్తాద్ చెప్పినట్టే బుడిపెకు అటో జానెడు ఇటో జానెడు మాను వదిలి, బెరడుకు గొడ్డలి తగలనివ్వకుండా రంపంతో కోశాను. పొద్దుటి నుంచి పదింటి దాకా పట్టింది. చేతులు బొబ్బలెక్కాయి. అయినా ఈల వేస్తూనే ఉన్నాను.

మరి ఉడకబెట్టడానికి అంత పెద్ద గిన్నె ఎక్కడిది? హాస్టల్ మెస్‌లో వంటాయన కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, క్రైస్తవుడు. ఆయన చపాతీ కర్రలన్నీ మా షాపువే.

"ఏంటయ్యా ఇది? చెట్టుకి గడ్డ లేచిందా?"

"లేచిందన్న. ఉడకబెడ్తే తగ్గుతది."

ఆయన నవ్వాడు, నా పని అయింది. వెనక వరండాలో రెండు పెద్ద డేగిశాలు, రెండు పొయ్యిలు. ఒకటి నాకిచ్చాడు. "నాలుగింటికల్లా తీసెయ్యి. ఇవాళ మెట్టుగూడలో ప్రార్థన ఉంది, నేను వెళ్లిపోతాను. ఆ పక్క దాంట్లో డికాషన్ కాచిపెడతా. టీ ఆయన వచ్చి పాలు పోసుకుంటాడు."

మూడున్నరకు బుడిపెను బయటికి తీసి, తడి గోనె చుట్టి గోడ పక్కన పెట్టాను. డేగిశాలో నీళ్లు ముదురు ఎర్రగా, చిక్కగా తయారయ్యాయి. సలసలా కాగుతున్నాయి, ఎట్లా పారబోస్తాం? చల్లారనిద్దామనుకున్నాను. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. పక్కనే రెండొందల మందికి టీ తయారవుతుంటే, ఈ తెలివిగల వాడు టీ తాగడానికి తార్నాక దాకా నడిచిపోయాడు.

తిరిగొచ్చేసరికి మెస్ ముందు కుర్రాళ్లంతా కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు. చదువుకున్నవాళ్ల ముఖాలు అన్ని రకాలుగా వంకర తిరగగలవని నాకు అప్పటిదాకా తెలియదు. ఒకడు నాలుకను చొక్కాతో తుడుచుకుంటున్నాడు. ఇంకొకడు కళ్లు మూసుకుని వాళ్లమ్మను పిలుస్తున్నాడు. ఏడేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్న ఒకాయన మాత్రం రెండో కప్పు పట్టించుకుంటూ, "షుగర్‌కు మంచిదే," అంటున్నాడు.

టీ ఆయన నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "డికాషన్ గింత చిక్కగ ఎన్నడు లేకుండె. ఇయ్యాల వంట అన్న దిల్‌తోని కాచిండనుకున్న!"

నాకు నవ్వు ఆగలేదు. అదే నా కొంప ముంచింది. నవ్వుతున్నవాడు ఒక్కడే కాబట్టి వార్డెన్ సారు నేరుగా నా దగ్గరకే వచ్చాడు. వెనక వరండాలోకి నడిపించి గోనె విప్పాడు. "ఎవిడెన్స్," అన్నాడు. బుడిపెను ఇద్దరితో మోయించుకుని తన ఆఫీసులో బీరువా పైన పెట్టించాడు. ఎల్లుండి పదకొండింటికి ఎంక్వయిరీ కమిటీ.

కిటికీలోంచి చూస్తే నా ప్రాణం పోయింది. బీరువాకు సరిగ్గా పైన ఫ్యాను. ఫుల్ స్పీడు. ఆ గాలికి రెండు రోజులుంటే బుడిపె దానిమ్మపండులా విచ్చుకుంటుంది, నేను చీపురు పట్టుకుని ముసలివాణ్ణవుతాను.

"అన్న, జర ఫ్యాన్ బంద్ చెయ్యవా?" అని ప్యూనును బతిమాలాను.

"ఎందుకు, దానికి సర్ది పడ్తదా?"

"పడ్తదన్న. నిజంగ."

"సారుకు చెమట పడ్తది. పో."

ఎంక్వయిరీ అదే ఆఫీసులో, అదే ఫ్యాను కింద. కమిటీలో ముగ్గురు. వార్డెన్ సారు, ఒక కెమిస్ట్రీ ప్రొఫెసరు, ఒక బోటనీ ప్రొఫెసరు. టేబుల్ మధ్యలో బుడిపె, దాని పక్కన ఫ్లాస్కులో దాచిన ఆనాటి టీ. నిలబడడానికి నాకు చోటు చూపించారు.

"ఆ నీళ్లల్ల ఏం కలిపినవ్?" కెమిస్ట్రీ సారు.

"ఏం కలపలే సార్. కట్టె, నీళ్లు. అంతే."

"విషం కాదని గ్యారంటీ ఏంటి?" వార్డెన్ సారు.

మాటలెందుకని ఫ్లాస్కు అందుకుని ఒక కప్పు పోసుకుని గటగటా తాగేశాను. రెండు రోజుల కిందటి చల్లటి వేప టీ. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, చెవులు మూతపడ్డాయి. పెదాలు తుడుచుకుని, "చక్కెర తక్కువైంది సార్," అన్నాను.

బోటనీ సారు ఫక్కున నవ్వాడు. సరిగ్గా అప్పుడే వినపడింది.

టిక్.

చిన్న చప్పుడు. వాళ్లకు తెలియలేదు. నాకు మాత్రం తెలిసింది. బుడిపె పగలడం మొదలుపెట్టింది.

తర్వాత ఏం చేశానో నా చేతులకే తెలియాలి. టేబుల్ మీద ప్రొఫెసర్ల మంచినీళ్ల జగ్గు ఎత్తి మొత్తం బుడిపె మీద గుమ్మరించాను. నీళ్లు టేబులంతా పరుచుకుని, ఎంక్వయిరీ ఫైలు తడిసి, వార్డెన్ సారు ఒళ్లోకి కారాయి.

"ఏయ్! పిచ్చా నీకు?"

"పగుల్తుంది సార్! గది పగిలిందంటే మా ఉస్తాద్ నన్ను మిషన్ మీద కూసోనియ్యడు సార్! జిందగీ మొత్తం కుక్క చుట్టు ఊడ్వాలె సార్!"

బోటనీ సారు లేచాడు. నన్ను కొడతాడనుకున్నాను. ఆయన తన కుర్చీ మీది టవల్ తీసి, టేబుల్ మీది నీళ్లలో తడిపి, బుడిపె మీద జ్వరం వచ్చిన బిడ్డకు వేసినట్టు వేశాడు. "ముందు ఆ ఫ్యాన్ ఆపండయ్యా," అని ప్యూనును కసిరాడు. కెమిస్ట్రీ సారు తడిసిన ఫైలును పిండుతూ, "ఇందులో ఇంక చదవడానికి ఏం లేదు," అన్నాడు. వార్డెన్ సారు ప్యాంటు వంక చూసుకుని, "దీన్నీ, వీణ్ణీ బయటికి పంపండి," అన్నాడు.

బుడిపెను సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని, టవల్ కప్పి, తార్నాక దాకా పాడుకుంటూ నడిపించుకుపోయాను. వర్షాలన్నీ అయ్యేదాకా పొట్టులో పాతిపెట్టి ఉంచాను. ఆ తర్వాత ఒక పొద్దున ఉస్తాద్ పక్కకు జరిగి మిషన్ వైపు తల ఊపాడు. మధ్యాహ్నానికి గిన్నె దిగింది. అంచు దగ్గర వెంట్రుకంత గీత, ఆ టిక్ గుర్తు. ఉస్తాద్ దాని మీద బొటనవేలు రుద్ది, గిన్నె నిండా నీళ్లు పోశాడు. అన్నం తిని వచ్చాడు. బీడీ తాగాడు. గిన్నె కింద తడిమి చూశాడు. పొడిగా ఉంది.

"కూసో," అన్నాడు.

ఆ సాయంత్రం నేను నేల మీద లేను. షాపుకొచ్చిన ప్రతివాడికీ అదే కథ. చివరికి ఉస్తాద్‌కే చెప్పడం మొదలుపెట్టాను. "ఉస్తాద్, ఎనిమిదోది కూడ పూర్తి చెయ్యనోన్ని నేను. యూనివర్సిటీల ముగ్గురు ప్రొఫెసర్లు కూసోని నాకు పరీక్ష పెట్టిన్రు. పాసయిన. తెలుసా?"

ఆయన ఉలి నూరుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"పాసయింది బుడిపె. నువ్వు దానికి గార్డియన్ లెక్క పోయినవ్."