ఎర్ర గీత దాటని నీళ్లు

ఆయన్ను అందరూ గేజి మామ అనేవారు. పొలాలకు నీళ్లిచ్చే జలాశయం గట్టు మీద ఉద్యోగం. రోజుకు మూడుసార్లు నలభై రెండు మెట్లు దిగి, నీళ్లలో నిలబెట్టిన గేజి, అంటే కొలబద్ద, మీద మట్టం చూసి, రిజిస్టర్లో రాయాలి. ముప్పై ఒక్క ఏళ్లు ఒక్క పూట మానలేదు. జ్వరమొచ్చినా దిగాడు, తన పెళ్లిరోజునా దిగాడు. అంత నిష్ఠగల మనిషి రాతలో అబద్ధం ఉంటుందని ఎవరనుకుంటారు? ఉంది మరి, బోలెడంత.

తప్పంతా ఆయనదేననడానికి నోరు రాదు. చేరిన ఏడాదే వరదొచ్చి నీళ్లు కొలబద్ద మీది ఎర్ర గీతకు జానెడు పైకెక్కాయి. గీతంటే, అంతకు మించి నిండకూడదని అర్థం. పాపం, ఉన్నదున్నట్టు రాశాడు. వారం తిరక్కుండా ఆఫీసు నుంచి మెమో వచ్చింది: మట్టం హద్దు దాటి ఎందుకు పెరిగిందో మూడు ప్రతుల్లో సంజాయిషీ ఇవ్వాలట. ఏదో ఈయనే బిందెలతో మోసుకొచ్చి పోసినట్టు. అది మొదలు వాన ఎంత కురిసినా, రిజిస్టర్లో నీళ్లు ఎర్ర గీత దగ్గరికొచ్చి బుద్ధిగా ఆగిపోయేవి. మనసు ఊరుకోక, అసలు మట్టాన్ని మాత్రం గేజి గదిలో తలుపు వెనక గోడ మీద బొగ్గుతో రాసుకునేవాడు.

ఈ ఏడు ముగ్గురు ఇంజనీర్ల కమిటీ వచ్చింది. వరదల నుంచి డ్యామును కాపాడాలంటే ఏం చేయాలో తేల్చాలి. గట్టు ఎత్తు పెంచడమా, ఇంకో రెండు గేట్లు పెట్టడమా, వానలకు ముందే కొంత నీళ్లు వదిలేయడమా, లేక ఒక సైరన్ బిగించి ఊరుకోవడమా? పెద్దలొస్తున్నారని మామ ముందురోజే దగ్గరుండి గదికి రెండు పూతలు సున్నం వేయించాడు, తలుపు వెనకతో సహా.

కమిటీ పెద్దాయన గేజి గదిలో కూర్చుని రిజిస్టర్లన్నీ తిరగేసి మురిసిపోయాడు.

"మొదటి ఏడాది తప్ప, ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా గీత దాటలేదు. ఇంత పద్ధతైన డ్యాముకి కొత్త గేట్లెందుకండీ? సైరన్ చాలు. ఏమయ్యా, ఇంత శుభ్రమైన రిజిస్టర్ నేనెక్కడా చూళ్లేదు."

పొగడ్తకు పొంగిపోవాల్సిన మామ గట్టు కిందికి చూశాడు. గట్టు కింద మొదటి ఇల్లు ఆయన కూతురిది. కుట్టు మిషన్ పెట్టుకుని ఇద్దరు పిల్లలతో అక్కడే ఉంటోంది. నాలుగేళ్ల కిందట నీళ్లు గట్టు మీంచి పొర్లి ఆ ఇంట్లో మోకాలెత్తు నిలిచాయి. కాలవ పూడి పొంగిందమ్మా అని తనే సర్దిచెప్పాడు. ఈసారి మోకాలితో ఆగుతాయని ఎవరు చెప్పగలరు?

"అయ్యా, అదంతా అబద్ధమండీ," అన్నాడు. "నీళ్లు చాలాసార్లు దాటాయి. నేనే రాయలేదు."

"రుజువేముంది?"

మామ తలుపు వెనక్కి చూశాడు. గోడ పాలలా తెల్లగా ఉంది. జన్మలో రాసిన నాలుగు నిజాల మీద తనే సున్నం కొట్టించుకున్నాడు.

"మా అమ్మాయి ఇంటికి రండి," అన్నాడు చివరికి.

కూతురు మిషన్ పక్కకు జరిపింది. గోడ మీద మోకాలెత్తున బురద గీత.

"ఇదెలా వచ్చిందమ్మా?" అని కమిటీలోని ఇంజనీరమ్మ అడిగింది.

"కాలవ పొంగిందండీ. నాన్న చెప్పారు."

ఇంజనీరమ్మ గుమ్మంలోకెళ్లి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "ఇక్కడ కాలవే లేదు కదమ్మా?"

"లేదని నాకూ తెలుసండీ," అంది కూతురు, తండ్రి వైపు చూడకుండా. "కానీ నీళ్ల సంగతి నాన్నకంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను."

ఆ సాయంత్రమే కమిటీ కాగితంలో సైరన్ పక్కన రెండు గేట్లు కూడా చేరాయి.

నెల తిరక్కుండా మెమో వచ్చింది. ఇన్నేళ్లూ మట్టం హద్దు దాటకుండా ఎందుకు ఉందో మూడు ప్రతుల్లో సంజాయిషీ ఇవ్వాలట. మామ కూర్చుని నాలుగు ప్రతులు రాశాడు. మూడు ఆఫీసుకు పంపి, నాలుగోది కూతురింటికి పట్టుకెళ్లాడు.