కంబన్న అచ్చేసిన హేవిళంబి

కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లలో కంబన్న పుస్తకాల అంగడి ముందు కొత్తరకం మనుషులు కనిపించారు. సాయంత్రం ఐదు దాటగానే గుడారాల్లో పెట్టిన ప్రభుత్వ కచేరీల నుంచి గుమాస్తాలు వచ్చి, నిలబడి, పుస్తకాలు తిరగేసేవాళ్లు. అంతకుముందు ఆ అంగట్లో ఎవరూ నిలబడలేదు. పలకో, బలపాల పెట్టో, ఎక్కాల పుస్తకమో, ఉగాదికి పంచాంగమో అడిగి తీసుకుని పోయేవాళ్లు. గుమాస్తాలు మాత్రం "కొత్తవేమైనా వచ్చినాయా?" అని అడిగేవాళ్లు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆ మాట తనను ఎవరూ అడగలేదని కంబన్న భార్య సుంకమ్మతో చెప్పాడు.

"అడిగినోళ్లంతా కొంటాండారా?" అంది సుంకమ్మ.

"కొంటారులే."

కంబన్నకు అప్పటికే యాభై దాటాయి. మోకాళ్ల నొప్పి, మధ్యాహ్నం కునుకు, ఎవరితోనూ వాదం పెట్టుకోని స్వభావం. అట్లాంటి మనిషి సొంతంగా పుస్తకాలు అచ్చువేస్తాననడం సుంకమ్మకు జ్వరంలో పలవరింతలా వినిపించింది. పైగా అవి దేవుళ్ల కథలు కావు, రాజుల కథలూ కావు. ఇంకా జరగనివాటి కథలు. చంద్రుడి మీద అంగడి పెట్టినవాడి కథ, భూమి కింద పోయే రైలు కథ. గుమాస్తాలు ఇంగ్లీషులో అట్లాంటివి చదివి ఒకరికొకరు చెప్పుకోవడం కంబన్న రోజూ విన్నాడు. అవి తెలుగులో ఎందుకు లేవని ఒకరోజు అడిగాడు. "మీరే వేయండి" అన్నాడు ఒక గుమాస్తా. ఆయన సరదాకు అన్నాడు. కంబన్న సరదాకు వినలేదు.

అచ్చు సంస్థకు 'రేపటి గ్రంథమాల' అని పేరు పెట్టాడు. మొదటి రాతప్రతిని ఎర్రగుంట్ల బడిలో పాఠాలు చెప్పే రామకృష్ణ మాస్టరు పంపాడు. కోసిగి కొండ మీద మబ్బులను లాగే యంత్రం పెడతారు, దాన్ని నడపడానికి గురమ్మ అనే పిల్లను నిచ్చెన వేసి పైకి ఎక్కిస్తారు. అదీ కథ. మాస్టరు దాన్ని అధ్యాయాలుగా కాక కార్తెలుగా విడదీశాడు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, ఇట్లా పదిహేను రోజులకొకటిగా వచ్చే వానకార్తెలన్నీ వరుసగా ఉన్నాయి. కాలం చెప్పడానికి కూడా ఇంగ్లీషు సంవత్సరం వేయలేదు. పుస్తకానికి 'హేవిళంబిలో వాన' అని పేరు పెట్టాడు.

మన సంవత్సరాల పేర్లు అరవై. అరవై ఏళ్లు తిరిగితే అదే పేరు మళ్లీ వస్తుంది. పుస్తకం అచ్చయ్యేనాటికి హేవిళంబి మరుసటి ఉగాదికే రాబోతోంది. మాస్టరు రాసింది దాని గురించి కాదు, ఆ పైన అరవై ఏళ్లకు వచ్చే హేవిళంబి గురించి. ఆ సంగతి ముందుమాటలో వివరంగా చెప్పాడు. అయితే అచ్చుకూటంలో లెక్క చూస్తే, ఆ ముందుమాట మూడు పేజీల వల్ల ఇంకో ఫారం, అంటే పదహారు పేజీల కాగితం, పట్టేటట్టు తేలింది. ముందుమాటలు ఎవడు చదువుతాడని కంబన్న దాన్ని తీయించేశాడు. అట్టకు వేరే అచ్చుదిమ్మె చేయించడం ఎందుకని పంచాంగాలకు వాడే పూలంచు దిమ్మెనే వేయించాడు. కాగితం కూడా అదే పసుపు కాగితం.

వేసినవి వెయ్యి ప్రతులు. గుమాస్తాలు నూట ఇరవై కొన్నారు. ఆ నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది, దాంతో గుమాస్తాలూ పోయారు. గుడారాలు పీకిన చోట మేకులు దిగిన గుంతలు మిగిలాయి. అంగడి ముందు మళ్లీ ఎవరూ నిలబడలేదు. సంక్రాంతి దాటాక మాస్టరు దగ్గర నుంచి రెండో రాతప్రతి వచ్చింది. హేవిళంబి తర్వాతి సంవత్సరం విళంబి కాబట్టి దానికి 'విళంబిలో దీపాలు' అని పేరు పెట్టాడు. కంబన్న కట్ట విప్పకుండా దాన్ని పలకల పెట్టె మీద పడేశాడు.

ఉగాదికి పంచాంగాలు తక్కువపడ్డాయి. కోసిగి వైపు ఊళ్లు తిరిగి అమ్మే మనిషికి వంద కట్టివ్వాలి. చేతిలో అరవై ఉన్నాయి. మిగతా నలభైకి కంబన్న 'హేవిళంబిలో వాన' పెట్టి తాడు బిగించాడు. ఆ అమ్మే మనిషికి అక్షరం రాదు. ఎవరో ఒకరు చదువుకుంటారులే అనుకున్నాడు కంబన్న. పంచాంగమనుకుని కొంటారని తోచలేదా అంటే, తోచలేదని గట్టిగా చెప్పలేడు.

పుష్యమి కార్తె సగంలో ఒక రైతు అంగడి మెట్ల మీద కూర్చుని చెప్పులోని ముల్లు తీసుకుంటూ కనిపించాడు. పేరు గిడ్డయ్య. కోసిగి దగ్గర పల్లె. తువ్వాలులోంచి పసుపు పుస్తకం తీసి ముందు పెట్టాడు.

"ఇది నీ అచ్చేనా అప్పా?"

"నాదే."

"మృగశిరలో మూడో దినం వానంటివే. యాడప్పా వాన? కొర్రలు విత్తినాము, పన్నెండిండ్లోళ్లము. చీమలు తిని బలిసినాయి." గొంతులో కోపం లేదు. దారి నడిచిన అలుపు ఉంది. "అది పోనీ. గింజలు కొంచెం మిగిలుండాయి. అవే ఆఖరు. ఆశ్లేషలో ఏం రాసుండాదో దాన్నిబట్టి విత్తుదామంటాండారు మావోళ్లు. ఆశ్లేషైనా నిజమేనా?"

"తర్వాతి పేజీలు తిప్పి చూడలేదా?" అన్నాడు కంబన్న.

"మా తిమ్మన్న చదువుతాడు. కార్తె రాకుండా దాని ఫలం చదివితే అరిష్టమంట. ఏ కార్తెది ఆ కార్తెలోనే చదువుతాడు."

అది పంచాంగం కాదని, కల్పించి రాసిన కథ అని కంబన్న చెప్పాడు. కథలోని హేవిళంబి ఇది కాదని, అరవై ఏళ్ల తర్వాతదని కూడా చెప్పాడు. గిడ్డయ్య పుస్తకం అంచు మీది పూలను వేలితో తడిమాడు.

"అరవై ఏండ్లకు పడే వానకు ఇప్పుడే పుస్తకం ఎందుకేసినావప్పా? అంత తొందరేమొచ్చె?"

లోపల పలకలు తుడుస్తున్న సుంకమ్మ కిసుక్కున నవ్వింది. ఈ మాట ఆమె ఏడాది నుంచి వేరే వేరే రకాలుగా అడుగుతూనే ఉంది.

"నువ్వే పోయి మీవాళ్లకు చెప్పు" అన్నాడు కంబన్న.

"నేను చెప్తే నమ్మరు. అచ్చులో ఉండేది అబద్ధమని గిడ్డయ్య చెప్తే ఎవరు నమ్ముతారు? అచ్చేసినోడివి నువ్వు రా."

అబద్ధమని తన నోటితో చెబితే ఆ వైపు ఊళ్లలో కంబన్న పంచాంగం ఇక ఎవడూ కొనడు. చెప్పకపోతే ఆశ్లేషలో ఆఖరి గింజ మట్టిపాలవుతుంది. సుంకమ్మ దారిబత్తెం కట్టి, మోకాళ్లకు రాసుకునే నూనె సీసా సంచిలో పెట్టింది.

ఆదోని దాకా బస్సు, అక్కడి నుంచి కోసిగికి రైలు, ఆపైన నడక. గిడ్డయ్య పల్లె చావిట్లో ఇరవైమంది కూర్చుని ఉన్నారు. తిమ్మన్న ఇనుప కళ్లద్దాల ముసలాయన. ఆయన ఒళ్లో అదే పుస్తకం, పుష్యమి దగ్గర వేపపుల్ల గుర్తు పెట్టి ఉంది. ఆ పుల్లకు అవతలి పేజీలు ఒక్కటీ నలగలేదు.

ఇది కథ అన్నాడు కంబన్న. కథ అంటే వాళ్లకు రాములవారిది, పాండవులది. అవి జరిగినవే కదా అన్నాడు ఒకాయన. ఇంకా జరగని కథ అని చెప్పి చూశాడు. అయితే జరగబోయేదే కదా, పంచాంగమూ అదే కదా అన్నారు. ఈ రెంటికీ మధ్య పడే మాట కోసం కంబన్న వెతికాడు. గుమాస్తాలు దానికి ఇంగ్లీషు మాట ఒకటి వాడేవాళ్లు. అది ఇక్కడ పనికిరాదు.

"అబద్ధం" అన్నాడు చివరకు. "మొదలు నుంచి ఆఖరు దాకా అబద్ధం. గింజలు విత్తొద్దండి."

"తెలిసే అచ్చేసినావా?" అన్నాడు తిమ్మన్న.

"తెలిసే."

"మరి నీ పంచాంగాలో?"

"అవి వేరే. సిద్ధాంతులు లెక్క కట్టినవి."

"ఏది వేరేనో మాకెట్ల తెలుస్తాది? రెండిటికీ ఒకే అంచుండాదే."

వచ్చే ఉగాదికి నీ సరుకు మా ఊర్లోకి రానిచ్చేది లేదని ఒకాయన లేచి చెప్పాడు. మిగిలినవాళ్లు కాదనలేదు. గిడ్డయ్య మాత్రం కొంచెం నిటారుగా కూర్చున్నాడు. ఆ పుస్తకం కొని ఊళ్లోకి తెచ్చినందుకు నెలన్నరగా ఊరు తనను తిట్టే తిట్లలో సగం ఇప్పుడు పక్కవాడి మీదికి పోయాయి.

చావిడి గడప దగ్గర నాగక్క అనే ఆమె గింజల మూట ఒళ్లో పెట్టుకుని ఉంది. విప్పిన ముడిని మళ్లీ వేస్తూ అడిగింది.

"గురమ్మ కూడా అబద్ధమేనా అన్నా?"

"అబద్ధమే అక్కా."

"నిచ్చెన పడిపోయె. పిల్ల కొండ మీదుండాది. దిగిందా లేదా?"

ఎవరూ నవ్వలేదు. కంబన్న చెప్పబోయాడు. తిమ్మన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు చెప్పొద్దు. ఆశ్లేష వచ్చేదానికి ఇంకా ఐదు దినాలుండాది."

"అబద్ధమని చెప్పినా కదా తాతా!"

"అబద్ధమైతే మాత్రం? కార్తె రానీ."

తెల్లారి రైల్లో కంబన్నకు కూర్చునే చోటు దొరకలేదు. ఇంటికి చేరి మంచం మీద కాళ్లు చాపాక సుంకమ్మ నూనె రాస్తూ అడిగింది.

"ఏమన్నారు?"

"పంచాంగాలు ఇంక ఆ వైపు పోవు."

"గింజలు?"

"విత్తరు."

మర్నాడు కంబన్న అంగడి తెరిచి, పలకల పెట్టె మీది రాతప్రతి దుమ్ము దులిపి కట్ట విప్పాడు. మొదటి పేజీలో 'విళంబిలో' అన్న మాటను ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు. లోపల విళంబి కనపడ్డ చోటల్లా కొట్టేశాడు. దానికి పూటంతా పట్టింది. పంచాంగం అంచు వద్దని, ముందుమాట ఎన్ని పేజీలైనా ఉండనీయమని అచ్చుకూటానికి చీటీ రాశాడు.

సుంకమ్మ వచ్చి భుజం మీదుగా చూసింది. "ఇది గూడా వేస్తాండావా? కొనేదెవరు?"

"తెలీదు."

"కార్తెలు కొట్టేయలేదే?"

"అవి ఉండనీ. కార్తె కోసం కాచుకుని చదివేవాళ్లున్నారు" అన్నాడు కంబన్న, పెన్సిలు మొన చెక్కుకుంటూ.