వస్తాన

ఉచితంగా వాడుకునే తెలుగు కీబోర్డు యాప్‌ను తయారుచేసే గ్రూపులో ఫిర్దోస్‌కు రోజూ లడాయే. కళ్లద్దాలు నెత్తిమీదికి నెట్టి, ముందున్న చాయ్ చల్లారేదాకా ఫోన్‌తోనే కొట్లాడుతది. 'వస్తున్నాను' అనడానికి వరంగల్లోళ్లు 'వస్తాన' అంటరు, ఆ మాట యాప్‌లో ఎక్కించాలని ఆమె పంతం. పుస్తకాల మాటే ఉండాలని అదే గ్రూపులో ఉన్న నెక్కొండ సుదర్శన్ సార్ పంతం.

మొన్న హనుమకొండల గ్రూపు మీటింగుంటే ఆయన మెసేజ్ పెట్టిండు: "బస్సెక్కిన. వస్తానా"

ఎక్కినంక అడుగుడేందని ఫిర్దోస్‌కు తిక్క రేగింది. "మీ ఇష్టం సార్" అని కొట్టింది.

మొఖం ముడుచుకొని వచ్చిన సుదర్శన్, "నేను 'వస్తాన' అనే కొట్టిన బిడ్డా, మన యాపే చివర దీర్ఘం తగిలించింది. జర ఆ మాట ఎక్కించు" అన్నడు.

ఆ పూట ఫిర్దోస్ చాయ్ వేడివేడిగా తాగింది.