ఇరవై రెండో సీటు

మా ఊరికి బస్సు తెప్పించింది నేను. పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో పలమనేరు డిపో చుట్టూ పదకొండు సార్లు తిరిగి, అర్జీ మీద ఊరందరిచేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించి తెప్పించాను. పాల సొసైటీ పెట్టించిందీ నేనే. పద్నాలుగేళ్లు దానికి ప్రెసిడెంటుగా ఉన్నాను. వంక మీద కల్వర్టు, బడికి రెండు గదులు నా కాలంలో వచ్చినవే. ఊరి బడిలో అయిదో తరగతి వరకే చదివినవాణ్ని, కలెక్టరు ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడి వచ్చాను. దొరస్వామి అంటే మా చుట్టుపక్కల పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇన్ని చేసిన నాకు ఒక బస్సులో సీటు దొరకడానికి నాలుగేళ్లు పట్టింది.

ఆ బస్సు చెంగల్రాయుడిది. రోడ్డు మీద తిరిగే బస్సు కాదు.

చెంగల్రాయుడు మా సొసైటీలో పాలు కొలిచేవాడు. నాకంటే రెండేళ్లు చిన్న. పెళ్లయిన ఏడాదికే పెళ్లాం పుట్టింటికని పోయి మళ్లీ రాలేదు. అప్పటినుంచి ఒంటిగాడు. సొసైటీ వెనకున్న గదిలో కాపురం. ముప్పై ఏళ్లలో ఒక్క రోజు కూడా కొలతలో చెయ్యి వంకర పోలేదు. అతన్ని ఏరి ఆ పనిలో పెట్టింది నేనని కూడా ఇక్కడ చెప్పాలి.

అతనికి ఉన్న ఒకే ఒక అలవాటు లాటరీ. మన వైపు టికెట్లు అమ్మనివ్వరు కాబట్టి శనివారం శనివారం బస్సెక్కి, సరిహద్దు దాటి, కర్ణాటకలో నంగిలి దాకా పోయి ఒకే ఒక్క టికెట్టు కొనుక్కొచ్చేవాడు. వస్తూ వస్తూ కిందటి వారం ఫలితాల కాగితం తెచ్చి నా చేతికిచ్చేవాడు. అతనికి దగ్గరి చూపు ఆనదు. నేను నా కళ్లద్దాలు పెట్టుకుని అంకెలు చూసి, లేదురా అనేవాణ్ని. సరేలే అన్నా అని, ఆ వారం టికెట్టు జేబులో పెట్టుకుని, కోటి రూపాయలు వస్తే ఏం చేయాలో మొదలుపెట్టేవాడు.

మొదట్లో పలమనేరులో మేడ కట్టాడు. కారు కొన్నాడు. నలభై సీమ ఆవులు కొన్నాడు. రెండు నెలలకే అన్నీ వదిలేశాడు. మేడలో ఒక్కణ్నే ఉంటే ఎన్ని గదులుంటే ఏం చేసుకునేదన్నా అన్నాడు. ఆ తర్వాతే బస్సు వచ్చింది. గెలిచిన మరునాడు ఒక బస్సు మాట్లాడి, ఊళ్లోవాళ్లను ఎక్కించుకుని కొండకు పోవాలి. దర్శనం, భోజనాలు, గుండ్లు కొట్టించుకునేవాళ్లకు గుండ్లు, అంతా అతని ఖర్చు. సీట్లు యాభై రెండు. ఎవరి సీటు ఏదో కాగితం లేకుండా ఒకటి నుంచి వరసగా చెప్పేవాడు. సుందరరాజుకు కాళ్లు పొడుగు, ముందు సీటు. పరంధామయ్యకూ వెంకటమునికీ పొలం గట్టు తగాదా, ఒకరిని ఆ పక్క కిటికీకి, ఒకరిని ఈ పక్క కిటికీకి. మూడో సీటు తనది. తన పక్కనున్న నాలుగోది ఎవరిదో చెప్పేవాడు కాదు. నాలుగు ఉండనీ అని అయిదుకు పోయేవాడు. నేను అడగలేదు.

మా ఇంటావిడ భారతమ్మ ఉన్నన్నాళ్లు ఆమెకు తలుపు పక్క సీటు ఇచ్చాడు, ఘాటు రోడ్డులో ఆమెకు వాంతులవుతాయని. రెండు వేల మూడులో ఆమె పోయింది. ఆ నెల చివర్లో ఒక శనివారం పేర్లు చెబుతుంటే, ఆ సీటు దగ్గర ఎదురింటి చంద్రకాంతమ్మ పేరు చెప్పాడు. నేను విననట్టు ఫలితాల కాగితం మడత పెట్టాను.

అప్పటికి నా ప్రెసిడెంటు పదవీ అయిపోయింది. సంతకం కోసం ఇంటికొచ్చేవాళ్లు లేరు. వారమంతా నా అరుగెక్కే మనిషి చెంగల్రాయుడొక్కడే. ఆ శనివారం నుంచి అతను ఒకటి అనగానే నేను చెవులు రిక్కించి వినేవాణ్ని. యాభై రెండు అయిపోయేది. నా పేరు వచ్చేది కాదు. నోరు తెరిచి అడగడం నా అలవాటు కాదు. నేను అడిగినవన్నీ ఊరికోసం అడిగినవే.

రెండు వేల ఆరు శ్రావణంలో ఒక శనివారం నంగిలి నుంచి వచ్చి గదిలో పడుకున్న చెంగల్రాయుడికి రొమ్ములో పట్టేసినట్టయింది. ఇప్పుడు పోతే సాయంత్రం పాల వేళ దాకా ఎవరికీ తెలియదని భయపడ్డాడట. గోవిందా అని జేబులో చెయ్యి పెట్టి, మడిచి ఉన్న పది నోటు, ఒక రూపాయి బిళ్ల తీసి, పసుపు గుడ్డలో ముడుపు కట్టి పటం కింద పెట్టాడు. నొప్పి తగ్గింది. తర్వాతి శనివారం నేను కాగితం పట్టుకుని నీ టికెట్టు చూపించు అంటే, జేబులన్నీ వెతికి, మొహం తెల్లబోయి కూర్చున్నాడు. టికెట్టు ఆ పది నోటు మడతలో ఉంది. నోటు ముడుపులో ఉంది.

విప్పి చూసి మళ్లీ కడదాం, ఎంతసేపు పని అన్నాను.

"స్వామి పేరు సెప్పి కట్టింది ఇప్పగూడదన్నా."

"అంకె చూసి పెట్టేస్తాం. ఆయనకు తెలుస్తుందా ఏంది?"

"తెలస్తాది. అందుకే వద్దనేది."

నేను కలెక్టరును ఒప్పించినవాణ్ని, చెంగల్రాయుణ్ని ఒప్పించలేకపోయాను. చివరికి ఇద్దరం కలిసి కొండకు పోయాం. హుండీ దగ్గర అతను ముడుపును రెండు కళ్లకూ అద్దుకుని లోపలికి జారవిడిచాడు. అందులో కోటి రూపాయలు పోయాయో, పదకొండు రూపాయలే పోయాయో మా ఇద్దరికీ తెలియదు.

తిరుపతి బస్టాండులో పలమనేరు బస్సు వచ్చి ఆగీ ఆగకముందే అతను కిటికీలోంచి తువ్వాలు వేసి రెండు సీట్లు పట్టాడు. చిత్తూరు దాటాక హుషారు వచ్చింది. ఏమో, ఆ టికెట్టుకే తగిలిందేమో, ఎవరు చూసొచ్చినారు అని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. యాభై రెండు అయ్యేదాకా ఆగి, అడిగేశాను.

"చెంగల్రాయా, నేను యాడరా?"

అతను ఆశ్చర్యంగా నా వైపు తిరిగాడు.

"నీకు సీటెందుకన్నా? ప్రెసిడెంటువి. తలుపు కాడ నిలబడి అందర్నీ ఎక్కిచ్చి, లెక్క సూసుకోవాల గదా. నువ్వు కూకుంటే బస్సు కదల్తాదా?"

అతను నన్ను గౌరవించే అన్నాడు. అందులో అబద్ధమూ లేదు. మా ఊరి బస్సు మొదటి రోజు వచ్చినప్పుడు కూడా నేను అలాగే తలుపు దగ్గర నిలబడి అందరినీ ఎక్కించాను. బస్సు నిండిపోయింది. నేను కింద నిలబడి చెయ్యి ఊపాను.

"నాకూ కూర్చోవాలని ఉండదా?" అన్నాను.

అతను చాలాసేపు ఆలోచించాడు. వేళ్లు మడుస్తూ సీట్లన్నీ మనసులో తిరిగి వచ్చాడు. నాలుగో వేలు దగ్గర ఆగి, తల అడ్డంగా ఊపాడు.

"ఆ నాలుగోది మాత్రం అడగొద్దన్నా. మిగిలినోళ్లకంతా మాటిచ్చేసినా."



మరుసటేడు కర్ణాటకలోనూ లాటరీలు ఆపేశారు. అయినా అతను శనివారం వస్తూనే ఉన్నాడు. చేతిలో ఫలితాల కాగితం లేదు, జేబులో టికెట్టు లేదు. ముడుపులో పోయిన టికెట్టు ఒక్కటే మిగిలింది. దాని అంకె ఎవరికీ తెలియదు కాబట్టి అది ఓడిపోయిందని చెప్పేవాళ్లూ లేరు. సీట్ల గురించి నేను మళ్లీ ఎత్తలేదు.

ఆ కార్తీకంలో వెంకటముని పోయాడు. మట్టి చేసి, స్నానాలు చేసి వచ్చాం. నేను అరుగు మీద ఒక్కణ్నే కూర్చుని ఉంటే, తడి తువ్వాలు భుజాన వేసుకుని చెంగల్రాయుడు వచ్చాడు. ఆ రోజు శనివారం కాదు.

"ఇరవై రెండు కాలీ పడిందన్నా," అన్నాడు.

వెంకటముని నాకంటే మూడేళ్లు చిన్న. సొసైటీకి మొదటి చెంబు పాలు పోసింది అతనే.

"కిటికీ పక్కదేనా?" అన్నాను.

"కిటికీ పక్కదే. పోయేటప్పుడు ఎండ తగల్తాది. వచ్చేటప్పుడు నీడే."

"సరే, పెట్టుకో."

చెంగల్రాయుడు కాళ్లు ముడుచుకుని స్తంభానికి ఆనుకుని, ఒకటి నుంచి మొదలుపెట్టాడు. నాలుగు ఉండనీ అన్నాడు. తలుపు పక్కది చంద్రకాంతమ్మ అన్నాడు. ఇరవై రెండు దగ్గరికి వచ్చేసరికి దొరస్వామన్న అన్నాడు. ప్రెసిడెంటు అని చేర్చలేదు. ఇరవై మూడుకు పోయాడు.