ఖాళీగా ఉంచిన గోనెపట్టా

మొన్న కొడుకూ కోడలూ గుంటూరు వైపు మిరపకాయల కోతకు మూటలు కడుతుంటే, దులిపిన గోనెసంచి వాసన ముక్కుకు తగిలింది. చిరిగిన గోనెను కూడా నేను పారేయను. మా కోసిగిలో ఇలా కూలికి వలసపోవడాన్ని సుగ్గి అంటాం. ఆ దుమ్ము వాసనకు నాకు గుర్తొచ్చేది మాత్రం సుగ్గి కాదు, రూతమ్మ టీచరు.

ఆమెది బద్వేలు. మా బడిలో బల్లలు లేవు. ఎవరి గోనెపట్టా వాళ్లే తెచ్చుకుని కూర్చునేవాళ్లం. మూడో తరగతిలో అమ్మానాయనలతో సుగ్గికి పోయి, ఎండలు ముదిరాక తిరిగొచ్చాను. చదివిందంతా మరిచిపోయాను, దెబ్బలు తప్పవనుకుంటూ బడి గడప దగ్గరే ఆగిపోయాను.

"ఏమ్మే, ఆడ్నే నిలబడుకున్నావు? నీ పట్టా ఈడుండాది, రా" అంది టీచరు.

నిజమే. కిటికీ పక్కన, నేను వదిలిపోయిన చోటే నా పట్టా పరిచి ఉంది.

"టీచర్, ఇన్నాళ్లూ దాని మీద పిల్లి పండుకునింది" అంది పక్కనుండే నరసమ్మ. అందరూ నవ్వారు.

"పిల్లికి నీ మాదిరి వాగుడు లేదులే. ఈ పాప లేనప్పుడు చెప్పిన పాఠాలన్నీ నువ్వే దీనికి చెప్పు. నోటికి పని దొరుకుతాది."

హాజరు పిలిచేటప్పుడు ఇంకో సంగతి తెలిసింది. సుగ్గికి పోయిన పిల్లల పేర్లు కూడా ఆమె రోజూ పిలుస్తుంది. పక్కన కూర్చునేవాళ్లు లేచి, "సుగ్గికి పోయింది టీచర్, వస్తాది" అనాలి. నేను ఎక్కడో మిరప చేలో వంగి ఉన్నప్పుడు కూడా ఇక్కడ నా పేరు వినిపిస్తూనే ఉందన్నమాట. ఆమె చేతిలో బెత్తం చూసిన గుర్తు లేదు. అయినా అల్లరి తక్కువే. ఇంకొకరి కోసం పలకాల్సినవాళ్లు చెవి ఇటే పెట్టుకుని కూర్చోవాలి కదా.

తర్వాత ఆమెకు బదిలీ అయింది. కొత్త సారు ఖాళీ పట్టాలన్నీ చుట్టి మూలకు వేయించాడు. మళ్లీ సుగ్గి నుంచి వచ్చేసరికి నా చోట్లో వేరే పిల్ల ఉంది. వాకిలి పక్కన కూర్చున్నాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. వచ్చానా, రాలేదా అని చూడనూ లేదు. ఒకనాడు మానేశాను. ఎవరూ అడగలేదు. నా చదువు అంతటితో సరి.

ఈసారి మనవరాలు కూడా సుగ్గికి పోయింది. నా దగ్గర ఉంచమంటే, దాని చంటి తమ్ముణ్ని చూసుకునేదానికి కావాలన్నారు. మర్నాడు బడికి వెళ్లాను.

"సారూ, నా మనవరాలి పేరు కొట్టేయొద్దు. రోజూ పిలవండి."

"లేని పిల్లను పిలిస్తే ఎవరు పలుకుతారవ్వా?" సారు నవ్వాడు. నేను నవ్వలేదు.

"పక్కన కూచునే పిల్ల పలుకుతాది. ఏం పలకాలో నేను చెప్పి పోతా" అని, మనవరాలు కూర్చునే బెంచీ దగ్గరికి నడిచాను.