నాన్న మోకాలి మీద రెండుసార్లు

మా ఆయన విల్లు పట్టి మూడేళ్లయింది. కమ్మింగ్ అనే ఊళ్లో మా ఇంటి వెనక ఫెన్స్‌కి ఆనించి ఒక ఫోమ్ దిమ్మె పెట్టుకుని, ఆఫీస్ కాల్స్ మధ్యలో వెళ్లి నాలుగు బాణాలు వేసి వచ్చేవాడు. నేర్పింది పక్కింటి పెద్దాయన. ఆయన రిటైరయ్యారు. ఉత్తరాన గంట దూరంలో ఆయనకి కొంత అడవి ఉంది. బ్యాడ్మింటన్ లాంటి సరదా ఏదో అనుకున్నాను. కిందటేడు మా ఆయన ఒక తెల్లతోక జింకని కొట్టి, మాంసం రెండు ఐస్ పెట్టెల్లో పట్టుకొచ్చాక గానీ విషయం నాకు బుర్రకెక్కలేదు. మటన్‌కి వేసే మసాలాయే వేసి వండాను. పాప రెండోసారి పెట్టించుకుని తింది.

ఈ ఏడు పాపకి ఆరు నిండాయి. తనూ వేటకి వస్తానంది. నేను వద్దన్నాను. పురుగులు కుడతాయన్నాను, పాములన్నాను, బాణం చివర బ్లేడ్లన్నాను. అసలు భయం మాత్రం పైకి చెప్పలేదు. జింక చచ్చిపోవడం పాప చూస్తుంది. చంపింది నాన్న అని చూస్తుంది. ఆ తర్వాత తను మళ్లీ ఎప్పటిలా వాళ్ల నాన్న మెడ పట్టుకుని వేలాడుతుందా?

కూరలో ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లకి తెలిస్తే తప్పేముందని మా ఆయన అడిగాడు. చిన్నప్పుడు గుంటూరులో ఆదివారం పూట మా నాన్నతో మటన్ కొట్టుకి వెళ్లేదాన్ని. కొట్టు ముందుకి రాగానే ఆయన నా భుజాలు పట్టుకుని రోడ్డు వైపు తిప్పేవారు. బస్సులు చూస్తూ నిలబడేదాన్ని. నాకు ముప్ఫై మూడేళ్లొచ్చాయి, ఇప్పటికీ అటే చూస్తున్నాను.

చివరికి మా ఆయన పాపతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. అడవిలో బ్లైండ్ అనే చిన్న గుడ్డ గుడారంలో కూర్చోవాలి. మాట్లాడకూడదు. జింక వస్తే తను విల్లు లాగుతాడు. పాపకి ఇష్టం లేకపోతే నాన్న మోకాలి మీద రెండుసార్లు తట్టాలి. తడితే బాణం వదలడు, ఎందుకని అడగడు కూడా.

"నిర్ణయం దాని చేతిలోనే పెట్టాను కదా. ఇంకేంటి నీ భయం?" అన్నాడు నాతో.

నేనూ వస్తానన్నాను.

ఆదివారం సాయంత్రాలు పాపకి కూచిపూడి క్లాసు. అందుకని సెప్టెంబర్ చివర్లో ఒక శనివారం బయల్దేరాం. మా ఇంట్లో శనివారం నీచు ముట్టం. ఈ రోజు తినం కదా, ఫ్రీజర్‌లో పెడదాంలే అని మా ఆయన నవ్వాడు. నేను బాత్రూంలో పాప కాళ్లకి దోమల మందు స్ప్రే చేస్తూ, మా ఆయనకి వినపడకుండా అన్నాను: "ఈ రోజు శనివారం కదా బంగారం, దేవుడి రోజు. జింక వస్తే నాన్న మోకాలి మీద తట్టేయ్. ఇది మనిద్దరి సీక్రెట్."

"తట్టకపోతే గాడ్‌కి కోపం వస్తుందా?"

రాదు అనాల్సింది. "ఏమో" అన్నాను.

బ్లైండ్‌లో మూడు మడత కుర్చీలు, ఒకరి మోకాలు ఒకరికి తగిలేంత ఇరుకు. లోపల ఉక్క. గంటన్నర పాటు పాప నోరు విప్పలేదు. ఇంట్లో అన్నం తినడానికి పది నిమిషాలు కూర్చోని పిల్ల, చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి అలాగే చూస్తూ కూర్చుంది.

ఎండ పల్చబడ్డాక, ఓక్ చెట్ల కింద ఆడ జింక కనిపించింది. వచ్చిన చప్పుడు లేదు, ఉన్నట్టుండి అక్కడ ఉంది. రాలిన కాయలు ఏరుకుని తింటూ, ఒక చెవి ఇటు, ఒక చెవి అటు తిప్పుతోంది. పాప నోరు కొద్దిగా తెరుచుకుంది. టీవీని కూడా తను అంత కళ్లప్పగించి చూడగా నేను చూడలేదు.

మా ఆయన విల్లెత్తి నెమ్మదిగా లాగి పట్టుకున్నాడు. జింక మా నుంచి ఇరవై గజాల్లో ఉంది. పాప చెయ్యి కదల్లేదు. ముందుకి వంగి ఇంకా చూస్తోంది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, నా వైపు తిరిగింది. తట్టొద్దులే అన్నట్టు తల అడ్డంగా ఊపి ఉంటే సరిపోయేది. నేను కనుబొమలెగరేశాను. ఊఁ, కానీ, అన్నట్టు.

పాప రెండుసార్లు తట్టింది.

మా ఆయన విల్లుని మెల్లగా దించాడు. ఆ చిన్న అలికిడికే జింక తెల్లతోక ఎత్తి రెండు గెంతుల్లో మాయమైంది. తను పాప తల నిమిరాడు. కారు దాకా నడుస్తుంటే నాకు ఒళ్లు తేలిగ్గా ఉంది.

కారెక్కాక మా ఆయన పాపని మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. నీకు అనిపించింది నువ్వు చెప్పావు, అది చాలా పెద్ద విషయం, నాకు గర్వంగా ఉంది అంటున్నాడు. కొంతదూరం వెళ్లాక వెనక సీట్లోంచి పాప అడిగింది.

"అమ్మా, గాడ్ ఇప్పుడు ఓకేనా?"

"గాడ్ ఏంటి బుజ్జీ?" అన్నాడు మా ఆయన అద్దంలో చూస్తూ.

పాప సీక్రెట్ అని మొహం దాచుకుంది. ఇక నేను చెప్పక తప్పలేదు. బాత్రూంలో అన్నది, గుడారంలో చేసింది, అంతా చెప్పాను. తను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

"నేను దానికిచ్చింది ఆ ఒక్కటే," అన్నాడు. "అది కూడా నువ్వే తీసేసుకున్నావ్."

భయమేసిందని చెప్పాను.

"నాకు మాత్రం వెయ్యలేదా? తడుతుందా లేదా అని నా ధ్యాసంతా మోకాలి మీదే ఉంది."

నేను వెనక్కి తిరిగి, దేవుడికి ఎవరి మీదా కోపం లేదని, అమ్మకి భయమేసి అలా చెప్పిందని పాపతో అన్నాను. పాప సీటు బెల్టు పట్టుకుని ముందుకి వంగింది.

"అయితే వద్దన్నది నేనా, నువ్వా?"

"నేనే."

"మళ్లీ వెళ్తాను. నువ్వు రాకు," అంది.

పాప స్కూలుకి ఫాల్ బ్రేక్ ఇచ్చాక ఒక సోమవారం మా ఆయన సెలవు పెట్టాడు. ఇద్దరూ మధ్యాహ్నమే వెళ్లిపోయారు. నేను ఆఫీస్ మీటింగ్‌లో మ్యూట్‌లో కూర్చుని ఎవరేం మాట్లాడారో వినలేదు. ఆరూముప్పావుకి మెసేజ్ వచ్చింది. "కొట్టాను. ఆగి వెతకాలి. పాప బాగుంది."

బాణం తగిలిన జింక అక్కడే పడిపోదని నాకు తెలుసు. అరగంట కదలకుండా కూర్చుని, ఆ తర్వాత ఆకుల మీద రక్తం చూసుకుంటూ వెళ్లాలి. అంటే ఇప్పుడు నా ఆరేళ్ల పిల్ల రక్తం చుక్కలు వెతుక్కుంటూ నడుస్తుంటుంది. మడతపెట్టిన బట్టల్నే మళ్లీ విప్పి మడతపెట్టాను. ఫోన్ చెయ్యాలని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను, పెట్టేశాను.

గరాజ్ తలుపు చప్పుడవగానే వెళ్లి నిలబడ్డాను. పాప వాళ్ల నాన్న చెయ్యి పట్టుకునే దిగింది. ముందు ఆ చేతులే చూశాను. తర్వాత మొహం చూశాను. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, నేను తట్టలేదు," అంది.

"ఊఁ."

"అది పడుకుని ఉంది. కళ్లు ఓపెన్‌గానే ఉన్నాయి. నేను ఏడ్చాను. నాన్న కార్‌లో కూర్చుంటావా అన్నాడు. నేను ఇక్కడే ఉంటా అన్నా."

"ఇప్పుడు బాధగా ఉందా?"

"కొంచెం."

ఏదో ఒకటి చెప్పి ఆ కొంచెం కూడా పోగొట్టాలని మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, కింద కూర్చుని తన బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాను. ముడులు తడిసి బిగుసుకుపోయాయి, ఒక పట్టాన రావడం లేదు. పాప నా భుజం మీద చెయ్యి వేసి నిలబడి, మిగతాదంతా తన మాటల్లోనే చెప్పుకుంటూ పోయింది.