అమ్మ చెప్పిన సాక్ష్యం

మా సంఘంలో ఆదివారం ఆరాధన ముగిసే ముందు ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. దాన్ని సాక్ష్యం అంటాం. అమ్మ లేచిందంటే నా గుండెల్లో రాయి పడుతుంది.

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తాతల నాటి నుంచీ రైల్వేని నమ్ముకున్న తెలుగు కుటుంబం మాది. నేను మాత్రం ఇంగ్లీషు టీచర్ని. ఇక్కడి బడితో విసుగెత్తి వియత్నాంలో ఒక బడికి దరఖాస్తు పెట్టాను. బీఏ ఇంగ్లీషు ఉంది. విదేశీ పిల్లలకు ఇంగ్లీషు నేర్పే సర్టిఫికెట్ కోర్సు కూడా ఆన్‌లైన్‌లో పూర్తి చేశాను. వాళ్ళు వీడియోలో ఒక పాఠం చెప్పించుకుని, బాగుందన్నారు. అంతే, ఉద్యోగం ఇచ్చామని ఎవరూ అనలేదు.

ఆ ఆదివారమే అమ్మ లేచింది. "మా పిల్లకి ఫారిన్‌లో ఇంగ్లీసు సెప్పే ఉద్యోగం దేవుడిచ్చినాడు" అంది. కొంగు పట్టి లాగాను, కూర్చుంటేనా! అందరూ చప్పట్లు కొట్టారు. సంఘపెద్ద భార్య, నేను పిన్నీ అని పిలిచే ఆవిడ, గోల్‌బజార్‌లో పెద్ద సూట్‌కేసు కొని తెచ్చి మా ముందుగదిలో పెట్టింది.

తర్వాత మెయిల్ వచ్చింది. డిగ్రీ సరే, సర్టిఫికెట్ సరే, పాఠం చాలా బాగుంది. కానీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల పాస్‌పోర్టు ఉన్నవాళ్ళనే తీసుకుంటారట. ఆ ముక్కేదో ముందే ఏడిస్తే నేను పాఠం చెప్పేదాన్నే కాదు.

"ఏటన్నారమ్మా?" అని అమ్మ అడిగింది.

"నా అర్హత సాలదంటమ్మా" అన్నాను. నేను పుట్టిన చోటే తక్కువైందని చెప్పడానికి నోరు రాలేదు. సూట్‌కేసు మీద దుప్పటి కప్పాను. పిన్ని ఎదురుపడకుండా సుభాష్‌పల్లి వీధుల మీదుగా చుట్టు తిరిగి బడికి వెళ్ళాను.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ముందు వరసల్లో నా దగ్గర ఇంగ్లీషు ట్యూషన్‌కి వచ్చే పిల్లలు, వెనక వాళ్ళ అమ్మానాన్నలు. ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా అని పాస్టరుగారు అడిగారు. అమ్మ లేచింది.

"నాను తొందరపడి సాక్ష్యం సెప్పేసినాను. ఆ ఉద్యోగం రాలేదు. మా పిల్లకి ఇంగ్లీసు సాలదన్నారంట. దానికి ఇంగ్లీసు బాగా రావాలని అందరూ ప్రార్థన సెయ్యండి."

సిగ్గుతో చచ్చిపోయాను. లేచి పాస్‌పోర్టు సంగతి చెబుదామనుకున్నాను. ఈలోగా అందరూ మోకరించారు. పాస్టరుగారు నా పేరు పెట్టి, ఈ బిడ్డకు ఇంగ్లీషు అనుగ్రహించమని దేవుణ్ణి వేడుకున్నారు. నా ట్యూషన్ పిల్లలు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు.

నేనూ అన్నాను.